పాత హోమ్ కంప్యూటర్లకు కొత్త హార్డ్‌వేర్ జోడించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

1970ల చివరి నుంచి 1990ల మొదటి వరకు ఇళ్లలో వాడిన కంప్యూటర్లకు యాడ్-ఆన్ బోర్డులు తయారు చేయాలనుకునేవారు, వాటి లోపల మార్పులు చేయాలనుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64, యాపిల్ 2, బీబీసీ మైక్రోల నుంచి తీసుకున్నవే అయినా, వాటి వెనుక ఉన్న సూత్రాలు ఆ కాలపు మిగతా యంత్రాలకు కూడా వర్తిస్తాయి.

మొదటి ప్రాజెక్టుకు ఏ యంత్రాన్ని ఎంచుకోవాలి?

మీ దగ్గర ఉన్నదాన్నే ఎంచుకోవచ్చు. అయితే ప్రతి యంత్రమూ బయటి బోర్డుకు ఇచ్చే సౌకర్యం ఒకేలా ఉండదు. 1977లో వచ్చిన యాపిల్ 2లో ఎనిమిది స్లాట్లు ఉన్నాయి. వాటి రూపకర్త స్టీవ్ వాజ్నియాక్ ఒక్కొక్క స్లాటుకు విడిగా పదహారు ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) అడ్రస్‌లను కేటాయించి, వాటిని పిలిచినప్పుడు ఆ స్లాటు పిన్ మీదికే ఎంపిక సంకేతం వచ్చేలా చేశారు కాబట్టి, బోర్డు తయారు చేసేవారికి అడ్రస్ డీకోడింగ్ పని, అంటే ప్రాసెసర్ పిలిచిన అడ్రస్ తమదో కాదో గుర్తించే పని, దాదాపుగా ఉండదు. కమొడోర్ 64లో ఐఓ1, ఐఓ2 అనే రెండు పిన్లు డీఈ00, డీఎఫ్00 హెక్స్ (పదహారు ఆధారంగా రాసే సంఖ్యలు) అడ్రస్‌ల దగ్గర చెరి 256 బైట్ల చోటును సిద్ధంగా ఇస్తాయి. స్పెక్ట్రమ్ వెనుక భాగంలో, బోర్డు అంచున రాగి పట్టీలతో ఉన్న ఎడ్జ్ కనెక్టర్‌లో ఇలాంటి సహాయం ఏదీ లేదు. జెడ్80 ప్రాసెసర్ కాళ్లే దాదాపు అన్నీ ఎలాంటి బఫరూ (మధ్యలో సంకేతాన్ని బలపరిచి అందించే చిప్) లేకుండా నేరుగా బయటికి వచ్చి ఉంటాయి. అక్కడ చేయగలిగినవి ఎక్కువ, బాధ్యత కూడా ఎక్కువ.

ఇంతకుముందు ఏమీ చేయనివారు బీబీసీ మైక్రో యూజర్ పోర్టుతోనో, కమొడోర్ 64 యూజర్ పోర్టుతోనో మొదలుపెట్టడం మంచిది. ఆ పోర్టులకూ, అడ్రస్, డేటా సంకేతాలను మోసే తీగల సమూహమైన ప్రాసెసర్ బస్‌కూ మధ్య ఒక ఇంటర్‌ఫేస్ చిప్ ఉంటుంది కాబట్టి, పొరపాటు జరిగితే మొత్తం యంత్రం కాకుండా ఆ ఒక్క చిప్ దెబ్బతినే అవకాశం ఎక్కువ.

బయట తగిలించే బోర్డు మంచిదా, లోపల చేసే మార్పు మంచిదా?

రెండింటిలో ఏదైనా కుదిరే పనికి బయటి బోర్డునే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఈ యంత్రాల్లోని సిడ్ (కమొడోర్ 64 ధ్వని చిప్), విక్-2 (దాని వీడియో చిప్), స్పెక్ట్రమ్ యూఎల్ఏ (తెర బొమ్మనూ, ఐఓనూ చూసే చిప్) వంటి ప్రత్యేక చిప్‌ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మదర్‌బోర్డు మీద ఒక ట్రాక్‌ను (రాగి గీతను) కోసినప్పుడు, కేసుకు ఒక రంధ్రం పెట్టినప్పుడు, మనం మార్చేది మళ్లీ దొరకని వస్తువును.

లోపల మార్పు తప్పనిసరి అయితే ఒక వరుస పాటించండి. సాకెట్‌లో ఉన్న చిప్‌ను తీసి, మధ్యలో మీ బోర్డును పెట్టి, దాని మీద అదే చిప్‌ను కూర్చోబెట్టగలిగితే అది అన్నిటికంటే మేలు. అది కుదరకపోతే ఒక రెసిస్టర్ కాలిని బోర్డు నుంచో, చిప్ కాలిని సాకెట్ నుంచో పైకి లేపి తీగ కలపడం రెండో దారి. ట్రాక్ కోయడం ఆఖరి దారి. చిప్ నేరుగా బోర్డుకే టంకం వేసి ఉంటే, దాన్ని బలవంతంగా పీకడం కన్నా, చిప్ తేలికగా దొరికే రకమైతే కాళ్లు కత్తిరించి ఒక్కొక్క కాలినీ విడిగా తీయడం మంచిది. ఆ కాలపు బోర్డుల మీద రాగి ప్యాడ్‌లు వేడికి త్వరగా ఊడిపోతాయి, ఊడిన ప్యాడ్‌ను తిరిగి అతికించడం కష్టం.

బోర్డు తగిలించే ముందు యంత్రంలో ఏమేం చూసుకోవాలి?

ముందుగా విద్యుత్ సరఫరాను చూసుకోవాలి. కమొడోర్ 64తో వచ్చిన అసలు పవర్ సప్లైలలో చాలా రకాలను లోపల ఎపాక్సీ పోసి మూసేశారు. వాటిలోని 5 వోల్టుల రెగ్యులేటర్ పాతబడి చెడిపోయినప్పుడు, వోల్టేజీ తగ్గడానికి బదులు పెరుగుతుంది. పెరిగిన వోల్టేజీ మెమరీ చిప్‌లను, పీఎల్ఏను (అడ్రస్‌ను బట్టి చిప్‌లను ఎంపిక చేసే చిప్), మీరు తగిలించిన బోర్డును కలిపి కాల్చేస్తుంది. అందుకే అలాంటి సప్లైని మల్టీమీటర్‌తో ఒకసారి కొలిచి సరిగా ఉందని వదిలేయకుండా, కొత్తదానితో మార్చుకోవాలి, లేదా వోల్టేజీ హద్దు దాటగానే సరఫరాను తెంచే రక్షణ పెట్టుకోవాలి.

స్పెక్ట్రమ్ కథ వేరు. దాని కింది 16 కిలోబైట్ల మెమరీలో వాడిన 4116 రకం చిప్‌లకు 5, 12, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. మైనస్ 5 వోల్టులు పోయి మిగతావి ఉన్నప్పుడు ఆ చిప్‌లు దెబ్బతింటాయి. యంత్రం ఆన్‌లో ఉండగా వెనుక బోర్డును పెట్టినా, తీసినా, పక్కపక్క పిన్లు ఒక్క క్షణం కలిసి ఈ వోల్టేజీలను తయారు చేసే సర్క్యూట్ పాడవుతుంది. స్పెక్ట్రమ్‌ల మరమ్మతులో అతి సాధారణంగా కనిపించే లోపాల్లో ఇదొకటి. దాని అడాప్టర్ ప్లగ్ మధ్య పిన్ నెగటివ్ అని కూడా గుర్తుంచుకోవాలి; ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ భాగం దీనికి విరుద్ధం.

బీబీసీ మైక్రో పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు పగుళ్లు వచ్చి పొగ వెళ్లగక్కడం ప్రసిద్ధమే. అమిగా 600, 1200లలో ఉపరితలం మీద టంకం వేసిన కెపాసిటర్లు కారుతాయి. అమిగా 500 ప్లస్ మదర్‌బోర్డు మీది నికెల్-కాడ్మియం బ్యాటరీ కారి చుట్టుపక్కల రాగినంతా తినేస్తుంది. ఇవన్నీ సరిచేశాకే కొత్త బోర్డు సంగతి చూడాలి. మెయిన్స్ కరెంటు ఉండే భాగంలో పని చేసిన అనుభవం లేకపోతే ఆ భాగాన్ని తెలిసినవారికి అప్పగించండి.

యాడ్-ఆన్ బోర్డు ఎంత కరెంటు తీసుకోవచ్చు?

మీరు అనుకునే దానికంటే తక్కువ. కమొడోర్ 64 యూజర్ పోర్టులో 5 వోల్టుల పిన్ నుంచి 100 మిల్లీ యాంపియర్లు మాత్రమే తీసుకోవాలి. స్పెక్ట్రమ్‌లో ఒకే ఒక 7805 రెగ్యులేటర్ మొత్తం యంత్రాన్ని మోస్తూ అప్పటికే చేయి పెట్టలేనంత వేడెక్కి ఉంటుంది. వైఫై మాడ్యూల్ వంటివి సగటున కొంచెమే తీసుకున్నా, ప్రసారం చేసే క్షణంలో కొన్ని వందల మిల్లీ యాంపియర్లు లాగుతాయి కాబట్టి వాటికి విడి సరఫరా ఇవ్వాలి. అలా ఇచ్చినప్పుడు గ్రౌండ్ రెండింటికీ ఉమ్మడిగా ఉండాలి. ఒకవైపు కరెంటు పోయినప్పుడు రెండోవైపు నుంచి సంకేతాల తీగల ద్వారా కరెంటు వెనక్కి పారకుండా కూడా చూసుకోవాలి.

3.3 వోల్టుల చిప్‌లను 5 వోల్టుల బస్‌కు కలపవచ్చా?

ఒక దిశలో కలపవచ్చు, రెండో దిశలో కలపకూడదు. ఆ కాలపు టీటీఎల్ (5 వోల్టుల లాజిక్ చిప్‌ల కుటుంబం) ఇన్‌పుట్ 2 వోల్టులు దాటిన దేన్నైనా ‘ఒకటి’గానే చదువుతుంది, కాబట్టి 3.3 వోల్టుల చిప్ ఇచ్చే సంకేతం దానికి చాలు. యంత్రం నుంచి వచ్చే 5 వోల్టుల సంకేతాన్ని, దాన్ని తట్టుకుంటుందని డేటాషీట్‌లో రాసి లేని 3.3 వోల్టుల పిన్‌కు ఇస్తే మాత్రం, ఆ పిన్‌లోని రక్షణ డయోడ్ ద్వారా కరెంటు పారి చిప్ మెల్లగా చెడిపోతుంది. మెల్లగా అనే మాటే ఇక్కడ ముఖ్యం: మొదటి నెల అంతా బాగానే పని చేయడం వల్ల చాలామంది ఇది సరైన పద్ధతే అనుకుంటారు.

74ఎల్‌వీసీ245 వంటి బఫర్‌ను 3.3 వోల్టులతో నడిపితే, దాని ఇన్‌పుట్లు 5 వోల్టులను తట్టుకుంటాయి, అవుట్‌పుట్లు టీటీఎల్‌కు సరిపోతాయి. డేటా బస్‌కు నేను వాడేది ఇదే. అందులో దిశను నిర్ణయించే తర్కాన్ని జాగ్రత్తగా రాయాలి: ప్రాసెసర్ మీ బోర్డునే చదువుతున్నదని పూర్తిగా తేలినప్పుడు తప్ప, బఫర్ ఎప్పుడూ యంత్రం వైపు డేటాను నెట్టకూడదు. పవర్ ఆన్ అయిన తొలి మిల్లీసెకన్లలో, మీ ఎఫ్‌పీజీఏ (కావలసిన సర్క్యూట్‌ను ప్రోగ్రామ్ చేసుకోగల పెద్ద చిప్) ఇంకా కాన్ఫిగర్ కాకముందు కూడా ఈ నియమం నిలవాలి కాబట్టి, ఎనేబుల్ పిన్‌ను సరఫరా వోల్టేజీ వైపు లాగి ఉంచే ఒక పుల్-అప్ రెసిస్టర్‌తో మూసి ఉంచండి.

దీనికి దగ్గరి సమస్య 74హెచ్‌సీ, 74హెచ్‌సీటీ లాజిక్ చిప్ కుటుంబాల మధ్య తేడా. 5 వోల్టుల దగ్గర హెచ్‌సీ ఇన్‌పుట్‌కు ‘ఒకటి’ అనిపించాలంటే 3.5 వోల్టులు కావాలి. పాత ఎన్‌మాస్ (అప్పటి చిప్ తయారీ పద్ధతి) ప్రాసెసర్లు 2.4 వోల్టులకు మాత్రమే హామీ ఇస్తాయి. వాస్తవంలో అంతకన్నా ఎక్కువే ఇస్తాయి కాబట్టి హెచ్‌సీ పెట్టిన బోర్డు బల్ల మీద పని చేస్తుంది, ఆపై మరొకరి యంత్రంలో, వేడెక్కాక, కారణం తెలియకుండా తప్పులు చేస్తుంది. బస్‌ను తాకే ప్రతిచోటా హెచ్‌సీటీ వాడండి.

బస్ మీద ఎన్ని చిప్‌లు తగిలించవచ్చు?

పాత ఎన్‌మాస్ జెడ్80 ఒక పిన్ మీద 1.8 మిల్లీ యాంపియర్లను, 6502 (యాపిల్ 2, బీబీసీ మైక్రోల ప్రాసెసర్) 1.6 మిల్లీ యాంపియర్లను గ్రౌండ్‌కు లాగగలవు. ఒక 74ఎల్ఎస్ (టీటీఎల్‌లో ఒక రకం) ఇన్‌పుట్‌కు 0.4 మిల్లీ యాంపియర్లు కావాలి. అంటే నాలుగు ఎల్ఎస్ ఇన్‌పుట్లతో హద్దు నిండిపోతుంది, పైగా అందులో కొంత యంత్రం లోపలే ఖర్చయి ఉంటుంది. ప్రతి అడ్రస్ తీగ మీద మీ బోర్డు మోపే భారం ఒక్క ఇన్‌పుట్‌ను మించకుండా, ఆ సంకేతం ఇంకా చాలా చోట్లకు కావాలంటే ముందొక బఫర్ పెట్టుకుని అక్కడి నుంచి పంచుకోండి. ఒక బోర్డు వెనుక ఇంకో బోర్డు తగిలించేవారు ఉంటారన్నది కూడా మీ లెక్కలో ఉండాలి.

అడ్రస్ డీకోడింగ్ ఎంత పూర్తిగా చేయాలి?

వీలైనంత పూర్తిగా చేయాలి. స్పెక్ట్రమ్‌లో యూఎల్ఏ కేవలం ఏ0 తీగను (అడ్రస్‌లో చివరి బిట్) మాత్రమే చూస్తుంది. ఏ0 సున్నా అయిన ప్రతి ఐఓ పోర్టునూ అది తనదే అనుకుంటుంది. కాబట్టి మీ పోర్టు సంఖ్య బేసి సంఖ్యే కావాలి. ఆనాటి కెంప్‌స్టన్ తరహా జాయ్‌స్టిక్ బోర్డుల పోర్టు సంఖ్య 31. వాటిలో చవకరకం కొన్ని ఏ5 ఒక్కదాన్నే చూసి, అది సున్నా అయితే చాలు జవాబిచ్చేవి. అప్పట్లో ఒక గేటు మిగిలినా లాభమే కాబట్టి ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకోవచ్చు; ఈనాడు ఒక చిన్న ప్రోగ్రామబుల్ చిప్‌లో పదహారు అడ్రస్ తీగలనూ చూడగలిగినప్పుడు, అదే పద్ధతిని కాపీ చేయడానికి ఏ కారణమూ లేదు.

జెడ్80లో ఇంకొక మెలిక ఉంది. ఐఓ జరుగుతోందని చెప్పే ఐఓఆర్‌క్యూ సంకేతం ఐఓ సమయంలోనే కాక, ఇంటరప్ట్‌ను (చేస్తున్న పనిని ఆపి తనను చూడమనే సంకేతాన్ని) అంగీకరించేటప్పుడు కూడా సున్నా అవుతుంది. అప్పుడు దానితోపాటు ఎం1 (ప్రాసెసర్ ఆదేశాన్ని తెచ్చుకునే దశను చూపే సంకేతం) కూడా సున్నాగా ఉంటుంది, అడ్రస్ బస్ మీద ఐఓ పోర్టు సంఖ్యకు బదులు ప్రోగ్రామ్ కౌంటర్ (తరువాతి ఆదేశం అడ్రస్) విలువ ఉంటుంది. నేను తొలి రోజుల్లో చేసిన ఒక జాయ్‌స్టిక్ బోర్డు ఎం1నీ, చదువుతున్నట్టు చెప్పే ఆర్‌డీ సంకేతాన్నీ చూడకుండా ఐఓఆర్‌క్యూ, అడ్రస్‌లతోనే డేటా బస్ మీద విలువ పెట్టేది. చాలా ఆటలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచేవి. రెండో రకం ఇంటరప్ట్ పద్ధతిని వాడుతూ, బస్ మీద 255 ఉంటుందని నమ్ముకున్న ఒకటి రెండు ఆటలు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు నిలిచిపోయేవి. జాగ్రత్తగల ప్రోగ్రామర్లు 257 బైట్ల పట్టికతో ఏ విలువ వచ్చినా ఒకే చోటికి వెళ్లేలా రాసుకున్నారు కాబట్టే మిగతావి బతికాయి. తప్పు నా బోర్డుదేనని గ్రహించడానికి చాలా వారాలు పట్టింది.

టైమింగ్ విషయంలో ఎక్కువమంది ఎక్కడ పొరబడతారు?

6502 యంత్రాల్లో ఫై2 గడియారాన్ని (బస్ మీద ప్రతి పనికీ సమయం చూపే సంకేతాన్ని) పట్టించుకోకపోవడం దగ్గర. ఫై2 సున్నాగా ఉన్న సగంలో అడ్రస్ ఇంకా మారుతూ ఉంటుంది. ఆ సమయంలో రాసే సంకేతాన్ని చేతనం చేస్తే, మారుతున్న అడ్రస్‌ల మీదుగా ఎక్కడెక్కడో రాతలు పడతాయి. రాతను ఫై2 ఒకటిగా ఉన్నప్పుడు మాత్రమే అనుమతించి, అది కిందికి దిగే అంచు దగ్గర డేటాను పట్టుకోవాలి. కమొడోర్ 64లో ఫై2 సున్నాగా ఉన్న సగంలో బస్ విక్-2 చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ ఈ నియమం మరింత అవసరం.

రెండోది, 6502 అక్కరలేని చదువులు, రాతలు చేస్తుందన్న సంగతి. ఎక్స్ రిజిస్టర్‌ను కలిపి లెక్కించిన అడ్రస్‌కు ఎస్‌టీఏ ఆదేశంతో రాసినప్పుడు, అది రాసే ముందు ఒకసారి చదువుతుంది. విలువను ఒకటి పెంచే ఐఎన్‌సీ వంటి ఆదేశంలో ఎన్‌మాస్ 6502 ముందు పాత విలువను తిరిగి రాసి, తరువాత కొత్త విలువను రాస్తుంది. చదివితే తనంతట తాను ఖాళీ అయ్యే రిజిస్టర్, రాస్తే వెంటనే పని మొదలుపెట్టే రిజిస్టర్ మీ బోర్డులో ఉంటే, ఇవి దాన్ని రెండుసార్లు తట్టినట్టే.

స్పెక్ట్రమ్‌లో తెర మీద బొమ్మ గీస్తున్నప్పుడు ప్రాసెసర్ కింది 16 కిలోబైట్ల ర్యామ్‌ను అడిగితే, యూఎల్ఏ గడియారాన్నే ఆపేస్తుంది, 3.5 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నా ఆ గడియారాన్ని మీ బోర్డులో స్థిరమైన కొలమానంగా వాడకూడదు. బీబీసీ మైక్రోలో 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 1 మెగాహెర్ట్జ్ బస్‌తో మాట్లాడటానికి తన గడియారాన్ని సాగదీసుకుంటుంది; ఆ సర్దుబాటు వల్ల పేజీ ఎంపిక సంకేతం మీద చిన్న దొంగ పల్స్‌లు వస్తాయి. వాటిని తొలగించే, సంకేతాన్ని పట్టి నిలిపే చిన్న లాచ్ సర్క్యూట్ లేకుండా ఆ బస్ మీద బోర్డు పెట్టకండి.

లాజిక్ కోసం గాల్, సీపీఎల్‌డీ, మైక్రోకంట్రోలర్, ఎఫ్‌పీజీఏలలో ఏది వాడాలి?

పనికి సరిపోయే వాటిలో అన్నిటికంటే చిన్నది వాడండి. అడ్రస్ డీకోడింగ్‌కు ఏటీఎఫ్16వీ8, ఏటీఎఫ్22వీ10 వంటి గాల్‌లు (చిన్న ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్‌లు) చాలు. అవి 5 వోల్టులతో నడుస్తాయి, పవర్ రాగానే సిద్ధంగా ఉంటాయి, కాళ్లున్న చిప్ రూపంలో దొరుకుతాయి. మెమరీ బ్యాంకులు, కొన్ని రిజిస్టర్లు కావాలంటే అదే తరహాలో ఇంకా పెద్దదైన సీపీఎల్‌డీ బాగుంటుంది. మైక్రోకంట్రోలర్ ఎస్‌డీ కార్డు, యూఎస్‌బీ వంటి నిదానమైన పనులకు చక్కగా పనికొస్తుంది, కానీ బస్‌కు సమయానికి జవాబివ్వడంలో ఇంటరప్ట్‌ల మీద ఆధారపడితే వెనకబడుతుంది. 1 మెగాహెర్ట్జ్ 6502 దగ్గర కూడా మీకు దొరికేది కొన్ని వందల నానోసెకన్లే. ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్‌లోని పీఐఓ వంటి ప్రత్యేక సర్క్యూట్ ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. ఎఫ్‌పీజీఏ అంతా చేయగలదు. అయితే అందులో మొత్తం కంప్యూటరే ఇమిడిపోతుంది కాబట్టి, చివరికి పాత యంత్రం కీబోర్డుగా మాత్రమే మిగలకుండా ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోండి.

పాత ప్రాసెసర్ బదులు కొత్తగా తయారైనది పెట్టవచ్చా?

6502కు కొత్త రూపమైన డబ్ల్యూ65సీ02 ఇప్పటికీ తయారవుతోంది, కానీ దాన్ని ఎన్‌మాస్ 6502 సాకెట్‌లో నేరుగా కూర్చోబెట్టకూడదు. పాత చిప్‌లో ఒకటో పిన్ గ్రౌండ్. కొత్తదానిలో అది ఒక అవుట్‌పుట్. మదర్‌బోర్డు దాన్ని గ్రౌండ్‌కు కలిపేసి ఉంటుంది కాబట్టి ఆ పిన్‌ను విడదీసే చిన్న అడాప్టర్ కావాలి. బస్‌ను చేతనం చేసే 36వ పిన్‌ను కూడా 5 వోల్టులకు కలపాలి. అధికారికంగా లేని ఆదేశాలను వాడుకున్న పాత ప్రోగ్రాములు దాని మీద నడవవు. కమొడోర్ 64లో ఉన్నది 6502 నుంచి వచ్చినా కాళ్ల అమరిక వేరైన 6510 కనుక అక్కడ ఈ మార్పిడి కుదరదు. జెడ్80 సంగతికి వస్తే, దాని తయారీదారు జైలాగ్, జెడ్80 రకానికే చెందిన విడి జెడ్84సీ00 చిప్‌లకు ఆర్డర్లు తీసుకోవడం 2024 జూన్‌తో ఆపేసింది. కొత్త రూపకల్పనలు చేసేవారు దీన్ని దృష్టిలో పెట్టుకోవాలి.

రోమ్‌ను మార్చాలంటే?

కమొడోర్ 64లో వాడిన 2364 రోమ్‌కు 24 కాళ్లు, 2764 ఈప్రామ్‌కు (చెరిపి మళ్లీ రాయగల రోమ్) 28 కాళ్లు ఉంటాయి. వాటి అమరిక కూడా వేరు కాబట్టి అడాప్టర్ తప్పదు. స్పెక్ట్రమ్‌లో చిప్‌ను ముట్టుకోనక్కరలేదు: ఎడ్జ్ కనెక్టర్ మీది రోమ్‌సీఎస్ పిన్‌ను 5 వోల్టులకు ఎత్తితే లోపలి రోమ్ పక్కకు తప్పుకుని మీ రోమ్‌కు చోటిస్తుంది. కమొడోర్ 64 కార్ట్రిడ్జ్‌లో ఎక్స్‌రోమ్ పిన్ ఒక్కదాన్నే గ్రౌండ్‌కు కలిపితే 8000 హెక్స్ దగ్గర 8 కిలోబైట్లు, గేమ్ పిన్‌ను కూడా కలిపితే 16 కిలోబైట్లు కనిపిస్తాయి.

స్పెక్ట్రమ్‌కు కాంపోజిట్ వీడియో ఎలా తీసుకోవాలి?

టీవీ ఏంటెనా సాకెట్‌కు తగిన సంకేతాన్ని తయారు చేసే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్‌కు వచ్చే సంకేతమే కాంపోజిట్. మాడ్యులేటర్‌కు వెళ్లే 5 వోల్టుల తీగను, లోపలి సర్క్యూట్ నుంచి సాకెట్‌కు వెళ్లే తీగను విడదీసి, వీడియో తీగను ఒక కెపాసిటర్ ద్వారానో, ఇంకా మంచిది అనుకుంటే ఒక ట్రాన్సిస్టర్ బఫర్ ద్వారానో పాత సాకెట్‌కే కలపవచ్చు. కేసుకు కొత్త రంధ్రం అక్కరలేదు.

కమొడోర్ 64లో రెండో సిడ్ పెట్టేటప్పుడు ఏం గమనించాలి?

సిడ్‌లో పాత రకమైన 6581కు 12 వోల్టులు, కొత్త రకమైన 8580కి 9 వోల్టులు. ఫిల్టర్ కెపాసిటర్లు 6581కు 470 పీకోఫారడ్లు, 8580కి 22 నానోఫారడ్లు. వీటిని కలిపేసి ఒకదానికి ఇంకోదాని వోల్టేజీ ఇవ్వకండి. రెండో చిప్‌ను డీ420 హెక్స్ అడ్రస్ దగ్గర పెట్టడం మామూలే అయినా, ఆ అడ్రస్ అసలు యంత్రంలో మొదటి సిడ్‌కే మారు అడ్రస్ అని గుర్తుంచుకుని, దాన్ని ఆపే స్విచ్ కూడా పెట్టండి.

ఎడ్జ్ కనెక్టర్ ఉన్న బోర్డును ఎలా గీయాలి?

మందం 1.6 మిల్లీమీటర్లు. కమొడోర్ 64 ఎక్స్‌పాన్షన్ పోర్టులో పిన్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, యూజర్ పోర్టులో 3.96. వేళ్ల వంటి ఆ రాగి పట్టీలకు గట్టి బంగారు పూత వేయించండి. మామూలు టంకం పూత నాలుగు సార్లు పెట్టి తీసేసరికి అరిగి సాకెట్‌ను కూడా మురికి చేస్తుంది. స్పెక్ట్రమ్ సాకెట్‌లో ఐదో స్థానంలో ఉండే అడ్డు పలకను ఎప్పుడూ తీసేయకండి. బోర్డు ఒక పిన్ పక్కకు జరిగితే 9 వోల్టులు 5 వోల్టుల చిప్‌ల మీద పడతాయి. జెడ్ఎక్స్81 వెనుక 16 కిలోబైట్ల మెమరీ పెట్టె కాస్త కదిలితే చాలు యంత్రం ఆగిపోయేదన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన పాఠం కాబట్టి, బరువును కనెక్టర్ మీద కాకుండా బల్ల మీద ఆనేలా చూడండి. ప్రతి చిప్ పక్కన 100 నానోఫారడ్ల కెపాసిటర్, విశాలమైన గ్రౌండ్ పరచు తప్పనిసరి.

తయారైన బోర్డును ఎలా పరీక్షించాలి?

మొదట యంత్రం లేకుండానే పరీక్షించండి. 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసి, కరెంటుకు హద్దు పెట్టగల సప్లైతో బోర్డును ఒంటరిగా వెలిగించి, అది తీసుకునే కరెంటు మీ లెక్కకు దగ్గరగా ఉందో లేదో చూడండి. ఆ తరువాతే, మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మామూలు యంత్రానికి తగిలించండి. చల్లగా ఉన్నప్పుడు పది నిమిషాలు నడిచిన బోర్డు గురించి ఏమీ తెలిసినట్టు కాదు. గంటల తరబడి మెమరీ పరీక్ష నడిపి, యంత్రం పూర్తిగా వేడెక్కాక మళ్లీ చూడాలి. ఒకే మోడల్‌లో వేర్వేరు మదర్‌బోర్డు రకాలు ఉంటాయి కాబట్టి వాటిలో కనీసం రెండింటి మీద నడపాలి. లాజిక్ ఎనలైజర్ సున్నా, ఒకటి అని మాత్రమే చూపిస్తుంది. వోల్టేజీ సరిగా ఎక్కకుండా మధ్యలో వేలాడుతున్నదా అన్నది ఓసిల్లోస్కోప్ మీదే తెలుస్తుంది.

పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామైన ఎమ్యులేటర్‌లో పరీక్షిస్తే సరిపోదా?

బోర్డుకు రాసిన ప్రోగ్రామును పరీక్షించడానికి సరిపోతుంది. కరెంటును, వోల్టేజీని, నానోసెకన్లను అది పరీక్షించలేదు.

పాత రోమ్ ప్రోగ్రాములను నా బోర్డులో పెట్టి ఇవ్వవచ్చా? నా డిజైన్‌ను ఎలా పంచుకోవాలి?

యంత్రం అమ్మకాలు ఆగిపోయినంత మాత్రాన దాని రోమ్ మీది హక్కులు పోవు. హక్కుదారు అనుమతి లేకుండా వాటిని చేర్చకండి, వాడేవారే తమ రోమ్‌ను ఎక్కించుకునే దారి ఇవ్వండి. మీ సొంత డిజైన్‌కు, ప్రోగ్రామ్‌ల కోసం రాసిన లైసెన్స్‌కు బదులు, 2020లో రెండో వెర్షన్ వచ్చిన సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ వంటిది వాడటం మంచిది. సర్క్యూట్ చిత్రం, బోర్డు ఫైళ్లు, గాల్ సమీకరణాల మూలం, ఏ యంత్రాల మీద పరీక్షించారన్న జాబితా, ఇవన్నీ ఇవ్వండి. ఉత్త గెర్బర్ ఫైళ్లు (బోర్డు తయారీకి పంపే చిత్రాలు) ఇస్తే, ఒక చిప్ దొరకకుండా పోయిన రోజున ఎవరూ ఆ బోర్డును సవరించలేరు.

మార్పు చేసిన యంత్రాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఏం చేయాలి?

తీసిన చిప్‌లను, రెసిస్టర్లను ఒక యాంటీ స్టాటిక్ సంచిలో యంత్రంతోపాటే ఇవ్వండి. ఏ ట్రాక్ కోశారో, ఏ కాలు లేపారో, ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో, ఏ తేదీన చేశారో ఒక కాగితం మీద రాసి, కేసు మూత లోపలివైపు, వేడి తగలని చోట అంటించండి. పదిహేనేళ్ల తరువాత ఆ మూత తెరిచేవారికి, మీరు కలిపిన ఆ సన్నటి తీగ ఫ్యాక్టరీలో వేసిన సవరణా, తరువాత చేసిన మార్పా అన్నది తెలిసే దారి ఆ కాగితం ఒక్కటే.